నాన్నగారి వాచీ చైను లాకు ఊరికే ఊడిపోతోంది, ఇంట్లో బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది హిందూపురం. ఉద్యోగం బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ వైపు. మా నాన్నగారు బడిపంతులుగా పనిచేశారు. 1984లో బెంగళూరు వచ్చినప్పుడు ఒక హెచ్.ఎం.టి. వాచీ కొనుక్కున్నారు, రోజూ కీ ఇచ్చే రకం. ఆయన పోయాక నేను పెట్టుకుంటున్నాను. దానికి స్టీలు చైను ఆయనే తర్వాత వేయించుకున్నారు. ఈమధ్య లాకు ఊరికే ఊడిపోతోంది. పోయినవారం మెట్రోలో పైన పట్టుకుని నిలబడితే టక్కున విప్పుకుని వాచీ మోచేయి దాకా జారింది. అదే చెయ్యి కిందికి ఉండి ఉంటే పడిపోయేది. దగ్గర్లోని షాపులో చూపిస్తే, సరిగ్గా చూడకుండానే చైను మొత్తం మార్చుకోమన్నారు. నాకేమో చైనుతో సహా నాన్నగారి వాచీ అలాగే ఉండాలని కోరిక. చైను నాకు కొంచెం వదులే, అయినా ముక్కలు తీయించడానికి మనసొప్పలేదు. ఇంట్లో నోస్ ప్లయర్ ఒకటి ఉంది. నేనే బాగుచేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, చేసుకోవచ్చు. కానీ ఆ నోస్ ప్లయర్‌ని ఇప్పుడే చేతిలోకి తీసుకోకండి. దాంతో పని ఉంటే అన్నిటికంటే చివర్న ఉంటుంది, అసలు లేకపోవచ్చు కూడా.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది చివర్లో రాసిన మాట: చైను మీకు వదులు. నాన్నగారి మణికట్టుకి సరిపోయిన చైను మీ చేతికి పెద్దదవుతుంది కదా. వదులు చైనులో వాచీ బరువుకి పక్కకి తిరిగిపోతుంది, లాకు మణికట్టు కిందికో అంచుకో వస్తుంది. మీరు రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారనుకుంటాను. టైపు చేసేటప్పుడు బల్ల అంచుకి, ల్యాప్‌టాప్ అంచుకి తగిలేది ఆ లాకే. రోజుకి కొన్ని వందల సార్లు చిన్న చిన్న దెబ్బలు. మూత కొంచెం విచ్చుకుంటుంది, లోపలి పట్టీ ఒక వెంట్రుకవాసి వంగుతుంది. లాకు అరిగిపోయిందని షాపువాళ్లు అనుకుని ఉండొచ్చు. నాకైతే ఇది అరుగుదల కంటే దెబ్బలు తిన్న లాకులా అనిపిస్తోంది. ఇప్పుడు లాకుని బిగించి, చైనుని అలాగే వదులుగా ఉంచితే, కొన్ని నెలల్లో మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కాబట్టి ముక్కలు తీయడం గురించి కూడా చెబుతాను. దయచేసి అది చదవకుండా వదిలేయకండి.

ముందు ఈ లాకు ఎలా పనిచేస్తుందో చూడండి. వాచీని మంచం మీద దుప్పటి పరిచి దాని మీద పెట్టి, లాకు విప్పి, టేబుల్ లైటు కింద ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫోటోలు తీయండి. కంటికి కనపడనివి ఫోటో పెద్దది చేస్తే కనపడతాయి. బాగుచేసే ముందు ఎలా ఉండేదో గుర్తుంచుకోవడానికి కూడా ఆ ఫోటోలు కావాలి. ఆ కాలపు చైన్లకి సాధారణంగా మడత లాకు ఉంటుంది. పైన ఒక మూత, దాని కింద మడతపడే రెండు సన్నటి పట్టీలు. విప్పినా చైను రెండుగా విడిపోదు, వలయం పెద్దదవుతుంది అంతే. అందుకే మెట్రోలో మీ వాచీ పడిపోకుండా మోచేయి దాకా జారింది.

మూయగానే పట్టి ఉంచే పని రెండు విధాలుగా జరుగుతుంది. కొన్నిటిలో పట్టీ చివర చిన్న కొక్కెం ఉంటుంది, అది మూతలో అడ్డంగా ఉన్న పుల్లకి తగులుకుంటుంది. కొన్నిటిలో మూత పక్క గోడల లోపలి వైపు ఆవగింజంత బుడిపెలు ఉంటాయి, పట్టీ అంచులు వాటిని దాటి లోపల కూర్చుంటాయి. మీదేదో ఫోటోలో తేల్చుకోండి. మూతకి పక్కన బొత్తాలు ఉండి, వాటిని నొక్కితే తెరుచుకునే రకం అయితే ఇక్కడే ఆగిపోండి. దాని లోపల స్ప్రింగులు ఉంటాయి. శుభ్రం చేయడం దాకా మీరు చేయొచ్చు, వంచడానికి అందులో ఏమీ లేదు, మార్చడమే.

ఇక శుభ్రం. నా దగ్గరికి వచ్చిన ఊడిపోయే లాకుల్లో చాలా వాటికి జబ్బు మురికే. చెమట, చర్మం పొట్టు, పౌడరు, దుమ్ము, సబ్బు కలిసి నల్లటి జిగురులా మారి కొక్కెం కూర్చోవలసిన మూలలో గట్టిపడతాయి. కొక్కెం పూర్తిగా లోపలికి వెళ్లదు. పైకి మూసుకున్నట్టే ఉంటుంది, చిన్న కుదుపుకి ఊడిపోతుంది. ఇన్నేళ్ల చైనులో ఇది లేకపోతేనే ఆశ్చర్యం.

అయితే మీది పాత కీ వాచీ. లోపలికి నీళ్లు పోకుండా ఆపే శక్తి దానికి ఉందని అనుకోకండి. వాచీతో కలిపి చైనుని కడగవద్దు, కుళాయి కింద అసలే పెట్టవద్దు. వాచీ డబ్బాకి చైను కలిసే చోట రెండు వైపులా స్ప్రింగు పిన్నులు ఉంటాయి. పిన్ను చివరని సన్నటి పనిముట్టుతో లోపలికి నొక్కితే చైను వచ్చేస్తుంది. స్ప్రింగ్ బార్ టూల్ అని దీనికోసమే దొరుకుతుంది, కొనుక్కోవడం మంచిది. డబ్బా మీద గీతలు పడకుండా ముందే సెల్లో టేపు అంటించండి. పిన్ను బయటికి వచ్చేటప్పుడు ఎగిరి గదిలో ఎక్కడో పడుతుంది, అందుకని పెద్ద ప్లాస్టిక్ సంచీ లోపల చేతులు పెట్టి ఈ పని చేయండి. చైను తీయడం ధైర్యం చాలకపోతే, వాచీని పొడిగుడ్డలో చుట్టి పట్టుకుని, లాకు ఉన్న చివర మాత్రం కిందికి వేలాడదీసి, పిండేసిన తడి బ్రష్షుతో తుడవండి. ఆలస్యమవుతుంది గానీ వాచీకి ప్రమాదం లేదు.

విడిగా వచ్చిన చైనుని గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పావుగంట నాననివ్వండి. మెత్తటి టూత్‌బ్రష్షుతో లాకు లోపలి మూలలు తోమండి. గట్టిపడిన మురికిని చెక్క టూత్‌పిక్‌తో తీయండి, గుండుసూదితో గీకకండి. టూత్‌పేస్టు, వంటసోడా వద్దు, పాత చైన్ల మీద మెరుపు పూత ఉంటే అవి దాన్ని గీకేస్తాయి. రాపిడి పడ్డ అంచుల్లో తెల్లటి లోహం కింద పసుపు రంగు కనిపిస్తే అది ఇత్తడి మీద పూత అని అర్థం. అలాంటిదాన్ని ఇంకా సున్నితంగా చూడాలి. చివర్న కడగడానికి తాగే నీళ్లు వాడండి. మన బెంగళూరులో చాలా అపార్టుమెంట్లకి వచ్చేది బోరు నీళ్లు, ఆరిపోయాక కీళ్లలో తెల్లటి పొరలా మిగులుతాయి. గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. పొద్దున్నే కీళ్ల దగ్గర సూదిమొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క పెట్టి, మిగిలింది పూర్తిగా తుడిచేయండి. నూనె మిగిలితే దుమ్ము మళ్లీ పట్టుకుంటుంది.

ఇప్పుడు లాకు మూసి చూడండి. టక్కుమని ఒక్క శబ్దం, స్పష్టంగా రావాలి. మెత్తగా, శబ్దం లేకుండా కూర్చుంటే పట్టు ఇంకా సరిపోలేదన్నమాట. శబ్దం వచ్చి, మంచం మీద పట్టుకుని ఇరవై సార్లు విదిలించినా ఊడకపోతే, లాకు వరకు మీ పని అయిపోయింది. నేరుగా ముక్కల సంగతికి వెళ్లిపోండి.

ఊడిందే అనుకోండి, అప్పుడూ ప్లయర్ వద్దు. పట్టీని రెండు వేళ్లతో పట్టుకుని పక్కకి కదిలించండి. కీలు దగ్గర బాగా ఊగులాడుతుంటే కొక్కెం పుల్లకి ఎదురుగా పడటం లేదు, పక్కకి తప్పిపోతోంది. పట్టీని అంచు వైపు నుంచి అద్దం మీద ఆనించి చూస్తే మెలిక తిరిగిందో లేదో కూడా తెలుస్తుంది. మెలికను చేతి వేళ్లతోనే, బలం పెట్టకుండా సరిచేయొచ్చు. కీలు పిన్ను అరిగి ఊగుతుంటే అది ఇంట్లో అయ్యే పని కాదు. వాచీ రిపేరు చేసేవాళ్లు చిన్న దిమ్మ మీద పెట్టి పిన్ను చివర్లని సుత్తితో తట్టి వెడల్పు చేస్తారు, లేదా పిన్ను మారుస్తారు.

ఇంకొకటి, మూతని చైనుతో కలిపే స్ప్రింగు పిన్ను. మూత పక్కన వరసగా చిన్న రంధ్రాలు కనిపిస్తాయి కదా, అక్కడ ఉండేది. ఒక్కోసారి లాకు బాగానే ఉంటుంది, ఊడేది ఈ పిన్ను. మనం లాకునే అనుమానిస్తాం. దాని చివర అరిగిపోయినా, లోపలి స్ప్రింగు నీరసించినా కొత్తది వేయాలి. అది చాలా చవకైన వస్తువు, అనుమానం వస్తే మార్చేయడమే నయం. పొడవు మిల్లీమీటర్లలో కొలిచి, పాతది వెంట తీసుకెళ్లండి.

ఇవన్నీ చూశాక, కొక్కెమో బుడిపెలో పట్టు తప్పాయని తేలితే అప్పుడు ప్లయర్ తీయండి. దాని నోటికి రెండు వైపులా పాత తోలు బెల్టు ముక్కలు అంటించండి, లేకపోతే లాకు మీద పళ్ల గుర్తులు పడతాయి.

కొక్కెం రకమైతే, కొక్కెం చివరి భాగాన్ని మాత్రం పట్టుకుని, లోపలికి, అంటే పుల్లని పట్టుకునే వైపుకి, కదిలిందా లేదా అనిపించేంత వంచండి. మూసి చూడండి. శబ్దం మారిందా? చాలకపోతే ఇంకొక్కసారి. మూడోసారితో ఆపేయాలి. బుడిపెల రకమైతే, బుడిపె ఉన్న చోటే మూత రెండు గోడలని ప్లయర్ మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. స్టీలు నొక్కినప్పుడు లోపలికి వచ్చి, వదలగానే కొంత వెనక్కి పోతుంది. అది చూసి, పని కాలేదనుకుని ఒక్కసారిగా గట్టిగా నొక్కితే మూత నలిగిపోతుంది. కొంచెం నొక్కి, వదిలి, మూసి చూడటం, ఇలా ఓపిగ్గా చేయాలి. మరీ బిగుసుకుపోయి తెరుచుకోకపోతే గోటితో పీకకండి, గోరు విరుగుతుంది. పాత మెట్రో కార్డు అంచుని సందులో దూర్చి తిప్పితే వచ్చేస్తుంది.

మూడుసార్లే ఎందుకన్నానో చెబుతాను. చాలా ఏళ్ల క్రితం మా తమ్ముడి వాచీ లాకు నేనే పాడుచేశాను. కొక్కెం కొంచెం ఎక్కువ వంగిందని వెనక్కి, తక్కువైందని ముందుకి, ఆరేడుసార్లు అటూ ఇటూ వంచాను. కొక్కెం విరిగి నా చేతిలోకి వచ్చింది. అది వాడికి పెళ్లిలో పెట్టిన వాచీ. వాడు ఏమీ అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధే. కారణం తర్వాత ఒక పాత మెకానిక్ చెప్పారు. లోహాన్ని వంచిన ప్రతిసారీ వంగిన చోట అది గట్టిపడుతుంది. గట్టిపడ్డది మళ్లీ వంగనంటుంది, చివరికి పగులుతుంది. కట్టుతీగని అటూ ఇటూ వంచి తుంచుతామే, అదే సంగతి. మీ లాకు కొక్కెం మొదట్లో సన్నటి గీత కనిపిస్తే అది పగులే. ఒక్కసారి కూడా వంచకండి. టైటానియం చైన్లకి, బంగారు పూత వాటికి ఈ వంచే చికిత్స అసలే వద్దు. మీది అది కాదులెండి, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

ఫెవిక్విక్ చుక్క, రబ్బరు బ్యాండు, లాకు లోపల కాగితం మడిచి పెట్టడం... ఇవన్నీ ఎవరో ఒకరు చెబుతారు. జిగురు కీలులోకి జారితే లాకు శాశ్వతంగా పోయినట్టే. కాగితం చెమటకి తడిసి, ఆ తడి మూలలోనే ఉండిపోతుంది. వద్దమ్మా.

లాకు పట్టింది కదా అని మర్నాడే మెట్రో ఎక్కకండి. వారం రోజులు ఇంట్లో పెట్టుకోండి. అన్నం వార్చేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు, పైనున్న డబ్బా అందుకునేటప్పుడు చేతి కదలికలు రకరకాలుగా ఉంటాయి, లాకు బలహీనమైతే అక్కడ బయటపడుతుంది. ఈలోగా వాచీ లేకుండా ఉండలేకపోతే, చైను దాచి, తాత్కాలికంగా ఒకే ముక్కగా ఉండే నైలాన్ పట్టీ వేసుకోండి. అది రెండు పిన్నుల కింద నుంచి వెళుతుంది, ఒక పిన్ను ఊడినా రెండోది వాచీని పట్టుకుని ఉంటుంది.

ఒకవేళ లాకు చేయిదాటిపోయిందనే తేలినా, చైను పారేయాల్సిన పనిలేదు. లాకు ఒక్కటే మార్చుకోవచ్చు. జలహళ్లిలో వాచీల ఫ్యాక్టరీ జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో మొదలైంది, హెచ్.ఎం.టి. వాచీల విభాగాన్ని మూసేయాలన్న నిర్ణయం 2016లో వచ్చింది. కాబట్టి వాచీ లోపలి సామాను కంపెనీ నుంచి వస్తుందని ఎదురుచూడలేం. కానీ చైను లాకుకి కంపెనీతో పనిలేదు, కావలసింది కొలత. చైను లాకులోకి దూరే చోట వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో చూసుకుని, చిక్‌పేట, అవెన్యూ రోడ్డు వైపు వాచీ సామాను అమ్మేచోట అడగండి. అక్కడా చైను మొత్తం అంటగట్టబోతే, 'లాక్ మాత్ర సాకు, చైన్ బేడ' (లాకు ఒక్కటే చాలు, చైను వద్దు) అని కన్నడంలో గట్టిగా చెప్పండి. ఒక షాపులో కాదంటే ఇంకో షాపు. పాత లాకుని అక్కడే వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి.

ఇప్పుడు ముక్కల సంగతి. ముందు మూత పక్కన రంధ్రాలు చూడండి. పిన్నుని ఒకటి రెండు రంధ్రాలు లోపలికి జరిపితేనే సరిపోవచ్చు, అప్పుడు ముక్కలు ముట్టుకోనక్కర్లేదు. చైనుకీ మణికట్టుకీ మధ్య చిటికెన వేలు ఇబ్బంది లేకుండా దూరాలి, అంతకంటే వదులు వద్దు. మరీ బిగువు కూడా మంచిది కాదు. చెయ్యి బిగించినప్పుడల్లా లాకు మీద లాగుడు పడుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు మణికట్టు కొంచెం ఉబ్బుతుంది, అప్పుడు పిన్నుని ఒక రంధ్రం బయటికి జరుపుకోండి, వానలు మొదలయ్యాక మళ్లీ లోపలికి.

రంధ్రాలతో సరిపోకపోతే ముక్కలు తీయాల్సిందే. చైను లోపలి వైపు బాణం గుర్తులు ఉంటే పని సులువు. బాణం చూపే వైపుకి పిన్నుని తోస్తే బయటికి వస్తుంది, తిరిగి పెట్టేటప్పుడు బాణానికి ఎదురు దిశలో దూర్చాలి. బాణాలు లేకుండా రేకు మడిచి చేసిన ముక్కలైతే, ఆ మడతలని తెరిచి మళ్లీ మూయడం చెయ్యి తిరిగినవాళ్లు చేయాలి. దానికి మాత్రం షాపుకే వెళ్లండి, మీరు ఎదురుగా నిలబడి చేయించుకోండి. రెండు వైపుల నుంచీ సమానంగా తీయమనండి. లేకపోతే లాకు మణికట్టు మధ్యకి రాకుండా ఒక పక్కకి పోయి, మళ్లీ బల్ల అంచుకే తగులుతుంది.

మీ మనసొప్పకపోవడం నాకు అర్థమైంది. ఆయన చేతికి ఉన్న చైనుని పొట్టి చేస్తున్నట్టు ఉంటుంది. కానీ తీసిన ముక్కలు పోవు. మళ్లీ ఎప్పుడైనా కలిపేయొచ్చు, రేపు మీ ఇంట్లో పెద్ద చెయ్యి ఉన్నవాళ్లెవరైనా పెట్టుకుంటే అవే ముక్కలు కావాలి. రెండు చిన్న జిప్ కవర్లు తీసుకుని, 12 అంకె వైపు నుంచి తీసినవి ఒకదాంట్లో, 6 అంకె వైపువి ఒకదాంట్లో వేసి, పైన రాసి పెట్టండి. పిన్నులు కూడా అందులోనే వేయండి. నాన్నగారి కళ్లజోడు డబ్బా లాంటిదేదైనా ఇంట్లో ఉంటే ఆ కవర్లు దాంట్లో పెట్టుకోండి.